జుట్టు రాలడానికీ హార్మోన్లకూ ఉన్న లంకె: మందుల షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్ళిలో, పీజీ హాస్టళ్ళు వరసగా ఉన్న ఒక వీధిలో మాది మందుల షాపు. నేను ఫార్మసిస్టును. మా ఊరు హిందూపురం, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయింది. సాయంత్రం ఏడు దాటితే షాపు ముందు తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. జ్వరం మాత్ర గట్టిగానే అడుగుతారు. జుట్టు సంగతి మాత్రం పక్కన నిలబడ్డవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. "అక్కా, జుట్టు ఊడిపోతోంది, ఏదైనా మంచి మందు చెప్పవా?"

నేను డాక్టర్ని కాదు. అందుకే మందు పేరు చెప్పను. కానీ ఏ రకంగా ఊడుతోందో తేల్చుకోకుండా సీసాలు కొనేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్కో సీసా ఆరేడు వందలు, మూడు నెలల తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. అందుకే పదే పదే అడిగే ప్రశ్నలకు తీరిగ్గా జవాబులు రాశాను.

రోజుకు ఎన్ని వెంట్రుకలు రాలితే భయపడాలి?

మన తలమీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్ళకు ఆ రోజు గుప్పెడు వస్తాయి, ఎందుకంటే మూడు నాలుగు రోజులుగా ఊడి జడలోనే చిక్కుకున్నవన్నీ ఒక్కసారే బయటపడతాయి.

ఒకమ్మాయి వారం రోజులు రాలిన వెంట్రుకలను ఏడు చిన్న కవర్లలో వేసి, ప్రతి కవరు మీదా తేదీ రాసి తెచ్చింది. కౌంటర్ మీద వరసగా పెట్టింది. ఒక వెంట్రుక తీసి ట్యూబ్‌లైటు కింద చూపించాను. చివర ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్క ఉంది. "కుదురుతో సహా ఊడొచ్చేస్తోంది కదక్కా" అంది. కాదు. ఆ తెల్లది కుదురు కాదు, కాలం తీరిన వెంట్రుకకు ఉండే అడుగు మాత్రమే. కుదురు చర్మం లోపలే ఉంటుంది, అందులోంచి మళ్ళీ వెంట్రుక వస్తుంది.

లెక్కపెట్టడం కంటే రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, తలంతా సమానంగా రాలుతోందా, లేక ఒక చోటే పల్చబడుతోందా? రెండు, రాలేవి పొడుగ్గా లావుగా ఉన్నాయా, లేక ఏడాదికేడాదికి సన్నగా పొట్టిగా అవుతున్నాయా? చాలా వరకు జవాబు ఈ రెండింటిలోనే ఉంటుంది. రాలడం వేరు, సన్నబడటం వేరు. రాలినది తిరిగి వస్తుంది. సన్నబడినది ఊరికే వదిలేస్తే రాదు.

బెంగళూరు నీళ్ళ వల్లే కదా ఇదంతా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ఊళ్ళో ఉన్నప్పుడు బాగుండేది, ఇక్కడికొచ్చాకే మొదలైంది" అంటారు. కోపంగా అంటారు, నాకు అర్థమవుతుంది. పీజీలో బకెట్ అంచున తెల్లటి పొర, షవర్ రంధ్రాల్లో సున్నం. మన వీధికి కావేరి నీళ్ళు కొన్ని ఇళ్ళకే, మిగతావాళ్ళకు బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో గతి.

ఉప్పు నీళ్ళతో జుట్టు గరుకెక్కుతుంది, నురగ రాదు, చిక్కు పడుతుంది, దువ్వితే మధ్యలో తెగుతుంది. తెగిన వెంట్రుకకు చివర తెల్ల చుక్క ఉండదు. కానీ నీళ్ళు చర్మం లోపలున్న కుదురు దాకా వెళ్ళవు. నుదుటి దగ్గర వెనక్కి జరగడం, మాడు మీద పల్చబడటం, పాపిడి వెడల్పవడం నీళ్ళ పని కాదు.

మరి ఇక్కడికొచ్చాకే ఎందుకు మొదలైంది? వచ్చినప్పుడు మీ వయసెంత? ఇరవై రెండు, ఇరవై మూడు. మగపిల్లలకు బట్టతల మొదలయ్యే వయసూ, ఆడపిల్లల్లో పీసీఓడీ (అండాశయాల హార్మోన్లు అదుపు తప్పే సమస్య) బయటపడే వయసూ సరిగ్గా అదే. అమ్మ వంట పోయి, రాత్రి పన్నెండింటికి నిద్ర, కొత్త ఉద్యోగం టెన్షన్, ఆరేడు కిలోల బరువు తేడా. ఇవన్నీ ఒకేసారి వస్తే నింద నీళ్ళ మీద పడుతుంది. నీళ్ళను మార్చలేం కాబట్టి చూపించుకోవడం కూడా మానేస్తారు. ట్యాపుకు తగిలించే ఫిల్టర్ కొన్న అబ్బాయి రెండేళ్ళ తర్వాత డాక్టర్ దగ్గరకెళ్ళాడు. ఆ రెండేళ్ళే చాలా విలువైనవి.

అసలు హార్మోన్‌కూ వెంట్రుకకూ ఏమిటి సంబంధం?

హార్మోన్ అంటే ఒక గ్రంథి రక్తంలోకి పంపే కబురు. ఆ కబురు అందుకునే చోటు కుదురులో కూడా ఉంటుంది.

ప్రతి వెంట్రుకకూ ఒక చక్రం ఉంది. 2 నుంచి 6 ఏళ్ళు పెరుగుతుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు. తర్వాత రెండు మూడు వారాల్లో పెరగడం ఆగుతుంది. ఆపైన దాదాపు మూడు నెలలు విశ్రాంతి, చివరికి ఊడి, అదే కుదురు నుంచి కొత్తది మొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తలలో నూటికి 85-90 వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి. హార్మోన్లు చేసే పని ఈ దశలను పొడిగించడమో కుదించడమో. ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్, వెంట్రుక పెరిగే దశను సాగదీస్తుంది. థైరాయిడ్ తగ్గితే కొత్త మొలక ఆలస్యమవుతుంది. మగ హార్మోన్లు కొన్ని కుదుళ్ళను ఏటికేడాది చిన్నవి చేస్తాయి.

ఆ మూడు నెలల విశ్రాంతిని బాగా గుర్తుపెట్టుకోండి. ఈరోజు దువ్వెనలో కనిపిస్తున్నది మూడు నెలల కిందట ఒంట్లో జరిగిన దాని ఫలితం. అందుకే నేను "ఈ వారం ఏం తిన్నావు" అని అడగను, "సంక్రాంతికి ఎలా ఉన్నావు" అని అడుగుతాను. అప్పుడు గుర్తొస్తుంది: టైఫాయిడ్ వచ్చిందనో, ప్రసవమైందనో, పన్నెండు కిలోలు తగ్గాననో.

మగవాళ్ళ బట్టతలకు అసలు కారణం డీహెచ్‌టీ అంటారు. అదేమిటి?

టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ మీద 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తే డైహైడ్రోటెస్టోస్టెరాన్ తయారవుతుంది. దాన్నే పొట్టిగా డీహెచ్‌టీ అంటారు. ఇది టెస్టోస్టెరాన్ కంటే గట్టిది. వంశంలో ఆ గుణం ఉన్నవాళ్ళ నుదుటి దగ్గరి, మాడు మీది కుదుళ్ళు దీనికి లొంగిపోతాయి. పెరిగే దశ ఒక్కో చక్రానికీ కురచవుతుంది, వెంట్రుక సన్నబడుతుంది, చివరికి పసిపిల్లల చెంపమీది నూగులాంటిదే మిగులుతుంది. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్ళకు ఇదేమీ పట్టదు. గుండ్రటి బట్టతల చుట్టూ దండలాగా జుట్టు మిగిలేది అందుకే. అదే హార్మోన్ గడ్డాన్ని మాత్రం ఒత్తుగా పెంచుతుంది! కుదురు ఏ చోట పుట్టిందో దాన్ని బట్టి ఒకే కబురుకు రెండు రకాల జవాబు.

ఈ సంగతి ఎలా తెలిసిందో ఆ కథ నాకెంతో ఇష్టం. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త, యుక్తవయసు రాకముందే వృషణాలు తీసేసిన మగవాళ్ళకు బట్టతల రావడం లేదని గమనించాడు. వాళ్ళలో కొందరికి టెస్టోస్టెరాన్ ఇస్తే జుట్టు పల్చబడింది, అదీ బట్టతల ఉన్న కుటుంబాలవాళ్ళకే. అంటే హార్మోన్ ఒక్కటే చాలదు, వంశం కూడా కలవాలి. తర్వాత 1974లో జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల గురించి రాసింది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసులో మగవాళ్ళుగా మారుతున్నారు. వాళ్ళలో ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించింది. టెస్టోస్టెరాన్ ఉంది, డీహెచ్‌టీ చాలా తక్కువ. నుదుటి జుట్టు వెనక్కి జరగలేదు, ప్రోస్టేటు (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగలేదు. ఆ ఎంజైమ్‌ను మందుతో ఆపితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఆ మందే ఫినాస్టెరైడ్.

నా టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉందా అక్కా, టెస్టు చేయించుకోనా?

మగవాళ్ళ మామూలు బట్టతలకు ఆ టెస్టు అవసరం పడదు. బట్టతల ఉన్నవాళ్ళలో చాలామందికి టెస్టోస్టెరాన్ అందరిలాగే ఉంటుంది. తేడా రక్తంలో కాదు, కుదురులో. "మగతనం ఎక్కువ కాబట్టి బట్టతల" అన్న మాటా, "హార్మోన్ తక్కువైంది" అన్న మాటా రెండూ తప్పే.

అమ్మ వాళ్ళ నాన్నకు బట్టతల. నాకూ తప్పదా?

మగ హార్మోన్ కబురును అందుకునే చోటును (ఆండ్రోజెన్ రిసెప్టార్) తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది మగపిల్లలకు అమ్మ నుంచే వస్తుంది. అందుకే తాతయ్య, మేనమామల తలలు చూసి చెబుతుంటారు. కానీ ఇంకా ఎన్నో జన్యువులకు ఇందులో పాత్ర ఉంది, అవి నాన్న వైపు నుంచి కూడా వస్తాయి. రెండు వైపులా చూడండి. అప్పటికీ అది అంచనాయే.

పీసీఓడీ ఉంటే జుట్టు ఎందుకు రాలుతుంది?

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆడపిల్లలు దీన్ని దాచుకున్నంతగా ఇంకేదీ దాచుకోరు.

ఆడవాళ్ళ ఒంట్లోనూ మగ హార్మోన్లు కొద్దిగా ఉంటాయి, ఉండాలి కూడా. పీసీఓఎస్‌లో, మనమంతా పీసీఓడీ అనే దాంట్లో, అండాశయాలు వాటిని ఎక్కువగా తయారుచేస్తాయి. ఇన్సులిన్ ఎక్కువైతే ఇది ఇంకా పెరుగుతుంది. పైగా రక్తంలో మగ హార్మోన్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను లివర్ తక్కువగా చేస్తుంది, దాంతో హార్మోన్ విడిగా తిరుగుతుంది. గడ్డం కింద, పై పెదవి మీద అవాంఛిత రోమాలు వస్తాయి. తలమీద మాత్రం పాపిడి వెడల్పవుతుంది. ఒకే అమ్మాయికి రెండు చోట్లా రెండు రకాల బాధ.

ఒక సాయంత్రం ఓ అమ్మాయి మాస్కు పెట్టుకుని వచ్చింది. కోవిడ్ రోజులు కావు. హెయిర్ రిమూవల్ క్రీమూ, జుట్టు పెరిగే సీరమూ రెండూ ఒకే బిల్లులో అడిగింది. నేను బిల్లు కొట్టకుండా "నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా?" అన్నాను. చెయ్యి కౌంటర్ మీద అలాగే ఆగిపోయింది. నాలుగు నెలలయిందట. ఇంట్లో చెబితే "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నారట. సర్దుకోదు. నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే, మొటిమలు తగ్గకపోతే, మెడ వెనక చర్మం నల్లగా మందంగా అవుతుంటే, గైనకాలజిస్టుకో ఎండోక్రైనాలజిస్టుకో (హార్మోన్ల డాక్టరు) చూపించుకోండి. ఇది జుట్టుతో ఆగే సమస్య కాదు. ముందు ముందు షుగరు వచ్చే అవకాశం ఉంటుంది, గర్భం రావడం ఆలస్యం కావచ్చు. చూపించుకుంటే రెండింటికీ దారి ఉంది.

బరువు ఎక్కువున్నవాళ్ళు ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా నెలసరి, హార్మోన్లు మెరుగవుతాయి. 70 కిలోలుంటే నాలుగైదు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. డాక్టర్లు గర్భనిరోధక మాత్రలో, మగ హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోనో రాయవచ్చు. స్నేహితురాలి చీటీ ఫోన్లో చూపించి ఇవి ఇవ్వమనేవాళ్ళు ఉన్నారు. నేను ఇవ్వను. మైగ్రేన్ ఉన్న కొందరికీ, రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్ళకూ ఆ గర్భనిరోధక మాత్రలు ప్రమాదం. స్పైరనోలాక్టోన్ వేసుకుంటూ గర్భం దాల్చకూడదు.

థైరాయిడ్ వల్ల రాలుతోందని ఎలా తెలుస్తుంది?

తలంతా సమానంగా పల్చబడుతుంది, జుట్టు పొడిబారుతుంది. కనుబొమల బయటి కొసలు పలచబడటం కొందరిలో కనిపిస్తుంది. దానితోపాటు అలసట, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, కారణం లేకుండా బరువు. థైరాయిడ్ ఎక్కువైనా జుట్టు రాలుతుంది, అప్పుడు గుండెదడ, చేతుల వణుకు ఉంటాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) అనే ఒక్క రక్తపరీక్షతో చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా చూస్తున్నాను, దయచేసి గమనించండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటూ థైరాయిడ్ టెస్టుకు వెళతారు. ఒంటికి రోజుకు కావలసినది 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రల్లో 5,000, 10,000 ఉంటుంది. కొన్ని రకాల టెస్టుల్లో బయోటిన్ అడ్డొచ్చి, టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉన్నట్టు, అంటే థైరాయిడ్ ఎక్కువైనట్టు, తప్పుగా చూపిస్తుంది. లేని జబ్బుకు మందు మొదలవుతుంది, లేదా ఉన్న జబ్బు కనపడకుండా పోతుంది. టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి.

థైరాయిడ్ మాత్ర పరగడుపునే, నీళ్ళతో. అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఎడంగా. ఫిల్టర్ కాఫీతో మాత్ర మింగేసి "పనిచేయడం లేదు" అనేవాళ్ళకు ఇదే చెబుతుంటాను. టీఎస్‌హెచ్ దారిలోకొచ్చాక కూడా జుట్టు కుదుటపడటానికి కొన్ని నెలలు పడుతుంది.

ప్రసవమయ్యాక కుప్పలుగా రాలుతోంది. బిడ్డకు పాలివ్వడం వల్లా?

పాలివ్వడం వల్ల కాదు. దయచేసి ఈ కారణంతో పాలు మాన్పించకండి.

నాకు నా రెండో కాన్పు తర్వాత నాలుగో నెలలో మొదలైంది. బాత్రూమ్ జాలీ మీద రోజూ ఒక నల్లటి చుట్ట. పాప గుప్పిట్లో నా వెంట్రుకలు, ఊయల గుడ్డకు నా వెంట్రుకలు. ఫార్మసీ చదివినదాన్నే, కారణం తెలిసినదాన్నే, అయినా ఒకరోజు దువ్వెన పట్టుకుని ఏడ్చాను. మా అమ్మ "బిడ్డ తల్లిని గుర్తుపట్టి నవ్వితే తల్లి జుట్టు రాలుతుందే, మాకందరికీ రాలింది" అంది. ఆ మాటలో కాలం లెక్క సరిగ్గానే ఉంది. బిడ్డ నవ్వులు పూసే రోజులూ, జుట్టు ఊడే రోజులూ దగ్గర దగ్గరే.

జరిగేది ఇది. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ బాగా ఎక్కువుంటుంది కాబట్టి రాలాల్సిన వెంట్రుకలు కూడా రాలకుండా నిలిచిపోతాయి. ఆ నెలల్లో జడ లావెక్కింది గుర్తుందా? ప్రసవంతో ఆ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. అట్టే పెట్టుకున్నవన్నీ కలిసి విశ్రాంతిలోకి వెళ్ళి, రెండు నుంచి నాలుగు నెలల తర్వాత కలిసి ఊడతాయి. చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది. నుదుటి మీద నిక్కబొడుచుకున్న చిన్న చిన్న వెంట్రుకలు కనిపిస్తే అవి కొత్తవే. ఏడాది దాటినా తగ్గకపోతే ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి. ప్రసవం తర్వాత కొందరు తల్లులకు థైరాయిడ్ వాపు వస్తుంది, అది బాలింత నీరసంలో కలిసిపోయి ఎవరికీ తెలియకుండా పోతుంది. పాలిచ్చే తల్లులు జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ మందును సొంతంగా మొదలుపెట్టవద్దు.

అమ్మకు ముట్లు ఆగిపోయాయి, పాపిడి బాగా వెడల్పయింది. ఈ వయసులో మందు పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గిపోయి, ఉన్న కొద్ది మగ హార్మోన్ ప్రభావం పైకి తేలుతుంది. నుదుటి గీత అలాగే ఉండి మధ్య పాపిడి పల్చబడటం ఆడవాళ్ళ తీరు. "ఈ వయసులో నాకెందుకులే" అంటారు అమ్మలు. అడగాలని వాళ్ళకు ఉంటుంది, అడగరు. మీరే తీసుకెళ్ళండి. ఒక్క హెచ్చరిక: కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోవడం, ముఖం మీద ముతక రోమాలు, తలమీద వేగంగా పల్చబడటం కలిసి వస్తే ఆలస్యం చేయకండి. అండాశయంలోనో మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో చూడాల్సి ఉంటుంది.

టెన్షన్ వల్ల నిజంగా జుట్టు రాలుతుందా?

రాలుతుంది. గట్టి దెబ్బ తగిలితే, అంటే ఇంట్లో చావో, ఆపరేషనో, డెంగీనో, టైఫాయిడో, తిండి మానేసి చేసిన డైటింగో, ఒకేసారి చాలా వెంట్రుకలు విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. రెండు మూడు నెలలకు ఊడతాయి. కారణం తొలగితే ఆరు నెలల్లో చాలామందికి ఆగిపోతుంది. కోవిడ్ తర్వాత మా షాపుకు ఇలా వచ్చినవాళ్ళకు లెక్కలేదు. ఇందులో బట్టతల రాదు, తల నున్నగా కాదు. ప్రాజెక్టు రిలీజు ముందు రెండు రాత్రులు నిద్ర లేకపోవడాన్ని మాత్రం ఇందులో కలపకండి.

నాణెమంత గుండ్రంగా ఒకచోట నున్నగా అయింది. ఇదీ హార్మోనేనా?

కాదు. మనవాళ్ళు పేనుకొరుకుడు అనేది ఇదే. పేను కొరకడం వల్ల రాదు. ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ళ మీద పడటం వల్ల వస్తుంది. ఉల్లిపాయ రుద్ది పుండు చేసుకోకుండా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

ఏ రక్తపరీక్షలు చేయించుకోవాలి?

ఆడవాళ్ళకు తలంతా రాలుతుంటే సాధారణంగా రాసేవి: హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, అవసరాన్ని బట్టి విటమిన్ డి, బీ12. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిలవ, అడుగంటి ఉండొచ్చు. నెలసరి తేడాగా ఉంటే టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్ కూడా. ప్రొలాక్టిన్ ఎక్కువుంటే నెలసరి తప్పుతుంది, కొందరికి బిడ్డ లేకపోయినా పాలు వస్తాయి. అప్పుడు తప్పక చూపించుకోవాలి. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే హార్మోన్ లెక్కలు మారిపోతాయి కాబట్టి ముందే చెప్పండి. డెబ్బై ఐదు పరీక్షల ప్యాకేజీ అక్కర్లేదు.

మినాక్సిడిల్ హార్మోన్ మందా? మానేస్తే ఉన్నదీ పోతుందంటారు!

హార్మోన్ల జోలికి అసలు వెళ్ళదు. ఇది మొదట బీపీ మాత్ర. వేసుకున్నవాళ్ళకు ఒళ్ళంతా జుట్టు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో మగవాళ్ళ బట్టతలకు అనుమతి వచ్చింది. పెరిగే దశను పొడిగిస్తుంది. డీహెచ్‌టీ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అందుకే మానేస్తే కొన్ని నెలల్లో, మందు వల్ల నిలిచినది ఊడిపోతుంది. ఉన్నదానికంటే అధ్వాన్నం కాదు, మందు లేకుండా ఉంటే ఎలా ఉండేదో అక్కడికి చేరతారు.

మొదటి నెలన్నరలో రాలడం ఎక్కువ కావచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయి. నూటికి సగం మంది ఇక్కడే భయపడి సీసా పారేస్తారని మా కౌంటర్ చూస్తే నాకనిపిస్తుంది. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. రాయాల్సింది జుట్టుకు కాదు, చర్మానికి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి తగలనివ్వకండి, ఈ మందు పిల్లులకు విషం.

ఫినాస్టెరైడ్ వేసుకుంటే మగతనం పోతుందా?

మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్న. అమెరికాలో ప్రోస్టేటు వాపుకు 5 మిల్లీగ్రాములుగా 1992లో, బట్టతలకు 1 మిల్లీగ్రాముగా 1997లో అనుమతి పొందింది. రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. చాలామందికి రాలడం ఆగుతుంది, కొందరికి తిరిగి వస్తుంది. కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం వస్తాయి. ఎక్కువమందిలో మందు ఆపితే పోతాయి. ఆపాక కూడా చాలాకాలం ఉన్నాయని చెప్పినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాట కొట్టిపారేయకూడదు. మనసు దిగులుగా మారుతుంటే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ప్రభావాల్లో ఒకటని ఐరోపా మందుల సంస్థ 2025లో నిర్ధారించింది. ఇదివరకే డిప్రెషన్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

ఇంకొన్ని సంగతులు షాపులో ఎవరూ చెప్పరు. ఈ మాత్ర వాడుతూ రక్తదానం చేయకూడదు, ఆపిన నెల తర్వాతే. ఎందుకంటే ఆ రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులోని మగబిడ్డకు హాని. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు. నలభై దాటినవాళ్ళకు పీఎస్‌ఏ పరీక్షలో (ప్రోస్టేటు క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష) అంకె సగానికి పడిపోతుంది, చూసే డాక్టరుకు మందు సంగతి తెలియాలి.

జిమ్‌లో ఇచ్చిన ఇంజెక్షన్ తర్వాత మొదలైంది...

అది ప్రొటీన్ కాదు, అనబాలిక్ స్టెరాయిడ్, అంటే కండలు పెంచే మగ హార్మోన్ రకం మందు. బట్టతల గుణం ఉన్నవాళ్ళకు పదేళ్ళలో జరగాల్సింది ఏడాదిలో చేసి పెడుతుంది. వీర్యకణాలు, గుండె, లివర్ కూడా దెబ్బతింటాయి. ఆపేముందు డాక్టర్ని కలవండి, జిమ్ ట్రైనర్‌ను కాదు.

తిరుపతిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా?

మొక్కు ఉంటే సంతోషంగా ఇవ్వండి. మంగలికత్తి చర్మం పైన ఉన్నదాన్నే తీస్తుంది, కుదురుకు ఆ సంగతి తెలియదు. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది. ఎక్కడ పల్చగా ఉండేదో అక్కడే పల్చగా వస్తుంది.

గుంటగలగరాకు నూనె, మందారాకు, ఉసిరి?

మా ఇంట్లోనూ కాస్తాం. నూనె జుట్టును మెత్తబరుస్తుంది, తెగకుండా చూస్తుంది, రాసే చేతిలో ప్రేమ ఉంటుంది. డీహెచ్‌టీని ఆపేంత శక్తి వాటికుందని చెప్పలేను. మందు వాడుతూ నూనె కూడా రాసుకోవచ్చు. చుండ్రు ఎక్కువున్నవాళ్ళు మాత్రం రాత్రంతా నూనె ఉంచుకోకండి.

ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే హార్మోన్ గొడవ తీరినట్టేనా?

వెనక నుంచి తీసి ముందు నాటిన కుదుళ్ళు తమ పాత గుణాన్నే నిలుపుకుంటాయని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో రాశాడు. అందుకే నాటినవి నిలుస్తాయి. కానీ చుట్టూ ఉన్న సొంత జుట్టు రాలుతూనే ఉంటుంది. మందు లేకపోతే కొన్నేళ్ళకు నాటిన చోట పొద, వెనక ఖాళీ. ఇరవై రెండేళ్ళకే తొందరపడవద్దు.

బెంగళూరులో ఎక్కడ చూపించుకోవాలి?

చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర, అంటే ఎంబీబీఎస్ తర్వాత డెర్మటాలజీలో ఎండీ, డీవీడీ లేదా డీడీవీఎల్ చేసినవారి దగ్గర. డబ్బు ఇబ్బంది ఉంటే బౌరింగ్, విక్టోరియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్ళాలి, క్యూ ఉంటుంది. కన్నడ రాకపోయినా ఫర్వాలేదు, తెలుగు అర్థమయ్యేవాళ్ళు దొరుకుతారు.

మా కస్టమర్ ఒకాయన ఒక హెయిర్ క్లినిక్‌లో 60,000 రూపాయల ప్యాకేజీ ఈఎంఐలో కట్టాడు. తల ముట్టి చూసింది సేల్స్ అమ్మాయి. ఒక్క రక్తపరీక్ష లేదు, డాక్టర్ కనపడలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆయనకు థైరాయిడ్ అని తేలింది. ఆ మాత్రలు నెలకు రెండు వందలు కూడా కావు. ఆ బిల్లు చేతికిస్తుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. మొదటి రోజే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి.

మూడు నెలల్లో పెళ్ళిచూపులు. అప్పటికి ఏదైనా అవుతుందా?

కడప వైపు అబ్బాయి ఒకడు టోపీ తీయకుండానే అడిగాడు. ఫోన్లో వాళ్ళమ్మ లైన్లోనే ఉంది. "తల్లీ, ఏదో ఒకటి చెప్పమ్మా, సంబంధాలు తప్పిపోతున్నాయి" అంటోంది. ఆమెతో ఉన్నదున్నట్టే చెప్పాను. మూడు నెలల్లో జుట్టు రాదమ్మా, రాలడం తగ్గడం మొదలైతే అదే గొప్ప. ఈలోగా పక్కలు పొట్టిగా కత్తిరిస్తే పల్చదనం తక్కువ కనిపిస్తుంది. పల్చబడ్డ చోట చల్లుకునే, వెంట్రుకల్లా కనిపించే పొడి దొరుకుతుంది, హాని లేదు. పెళ్ళయ్యాక పిల్లల కోసం చూస్తున్నప్పుడు ఏ మందు వాడుతున్నాడో డాక్టరుకు చెప్పమనండి. అమ్మాయికి ముందే తెలిస్తే ఇంకా మంచిది.

టోపీ తీయించి, షాపు మెట్ల మీద వెలుతురులో నిలబెట్టి, తల వంచమని అతని ఫోన్లోనే ఒక ఫొటో తీశాను. ఎవరైనా చేయాల్సింది ఇదే. రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు. ఒకే చోట, ఒకే వెలుతురులో, తడి లేని తలతో, పాపిడి కనిపించేలా తీసుకోండి. తేదీ రాసిపెట్టుకుని మళ్ళీ ఆరో నెలలోనే తీయండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.